లైటుహౌసు కింద దేవమ్మ

రెంటచింతలలో ఎండలు మొదలయ్యాయంటే తెల్లారేసరికల్లా దేవమ్మ వాకిట్లోకి కుండలు వచ్చేవి. పక్కింటి ఆరోగ్యమ్మ మంచినీళ్ల బిందె, ఎదురింటివాళ్ల మజ్జిగ కుండ, ఎవరిదో వెన్న గిన్నె, ఒక్కోసారి తడిగుడ్డలో చుట్టిన తమలపాకుల కట్ట. దేవమ్మ వాకిలి ఊడ్చి, మొహం కడుక్కుని, పొద్దు పొడిచే దిక్కుకి తిరిగి నిలబడేది. ఆమె వెనక నేల మీద నీడ పడేది. ఎవరి కుండలు వాళ్లు ఆ నీడలో సర్దుకునేవాళ్లు.

దేవమ్మ నీడ తడిగా ఉండేది. మడుగు కట్టేంత తడి కాదు, నీళ్లు పిండి ఆరేసిన గుడ్డలో మిగిలినంత తడి. అది కాసేపు ఆగిన చోట మట్టి తొలకరి వాసన కొట్టేది. వీధిలో కోళ్లన్నీ పిల్లలతో సహా వచ్చి ఆ నీడ అంచున రెక్కలు పరుచుకుని పడుకునేవి. కొందరికి జుట్టు ఒత్తుగా ఉంటుంది, కొందరి చేతి ఆవకాయ బూజు పట్టదు, దేవమ్మకి నీడ తడి. అంతే. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు.

"వదినా, ఒక్క అడుగు ఇటు జరుగు. నా బిందె మూతి ఎండలో పడింది," అనేది ఆరోగ్యమ్మ.

దేవమ్మ జరిగేది. జరిగితే ఇంకెవరి గిన్నో ఎండలోకి వచ్చేది. మళ్లీ సర్దుకునేది.

ఎండ నడినెత్తికి వచ్చి నీడ కాళ్ల కిందికి ముడుచుకున్నాక ఊరివాళ్ల పని అయిపోయేది. అప్పుడు మొగుడి పని మొదలయ్యేది.

ఆమె మొగుడు రాజారత్నానికి బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉంది. ముందు గదిలో తెర, కుర్చీ, లైట్లు. వెనక చీకటి గది. ఫిల్ము కడిగే మందునీళ్లు చల్లగా ఉండాలి. వేడెక్కితే ఫిల్ము మీది పూత కాగిన పాల మీద మీగడలా ముడత పడి జారిపోతుంది, దాంతోపాటు మనుషుల మొహాలూ పోతాయి. మాచర్ల నుంచి ఐసుగడ్డ తెప్పిస్తే, ఊకలో చుట్టినా, బస్సు దిగేసరికి గోనె తడి మాత్రం మిగిలేది. అందుకని రాజారత్నం గోడకి ఎర్ర బల్బు పెట్టి, దాని ముందు దేవమ్మని నిలబెట్టేవాడు. ఆమె నీడ ఫిల్ము డబ్బా మీదా, ట్రేల మీదా పడేది. నడివేసవిలో కూడా రాజారత్నం తీసిన ఫోటోలో పెళ్లికూతురి ముక్కుపుడక రాయి మెరుపు వరకూ కనిపించేది. గురజాల నుంచీ, కారెంపూడి నుంచీ కూడా జనం వచ్చేవాళ్లు.

"కదలబాక," అనేవాడు రాజారత్నం చీకట్లో.

"కాళ్లు లాగుతున్నయ్యయ్యా."

"అయిపోయింది. ఈ ఒక్కటే."

ఆ ఒక్కటి తర్వాత ఇంకొకటి ఉండేది. రాజారత్నం చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, ఆదివారం గుడికి ఇద్దరూ కలిసే పోతారు. కానీ చీకటి గదిలో అతని కళ్లు ట్రేలో తేలుతూ వచ్చే మొహాల మీద ఉండేవి. వెనక నిలబడ్డ మొహం వైపు తిరగాల్సిన పని పడేది కాదు. ఊళ్లో ఇంటింటి గోడ మీదా అతను తీసిన ఫోటో ఉంది. దేవమ్మది ఒక్కటి కూడా లేదు. ఎప్పుడన్నా ఆమె అడిగితే, "మనింట్లో పనే గదా, ఎప్పుడైనా తీసుకోవచ్చు," అనేవాడు. అదీ నిజమే అనిపించేది ఆమెకి.

ఎనభై ఐదో సంవత్సరం, ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో రాజారత్నానికి ఒక దిగులు పట్టుకుంది. అతని స్టూడియో తెర పాతబడింది. మెట్లూ, గులాబీ కుండీలూ ఉన్న తెర. గులాబీలు ఎండకి తెల్లబడి ముల్లంగి ముక్కల్లా అయ్యాయి. మాచర్లలో కొత్త స్టూడియో వాడు సముద్రం తెర పెట్టాడని, ఈస్టరు దాటాక జరిగే పెళ్లిళ్ల జంటలన్నీ అటే పోతాయని బస్టాండంతా చెప్పుకుంటున్నారు. సముద్రం ఒక్కటే అయితే సరిపోదు, తన తెర మీద సముద్రంతోపాటు లైటుహౌసు కూడా ఉండాలని రాజారత్నం పట్టుబట్టాడు. చీరాల అవతల రేవులో ఒకటుందని విన్నాడు. ముందు తాను పోయి, ఏ పక్క నుంచి బాగుంటుందో చూసి, ఫోటో తీసుకొచ్చి ఇస్తే, నరసరావుపేటలో బొమ్మలు వేసే ఖాదర్ వలి దాన్ని చూసి తెర వేస్తాడు.

"నేనూ వస్తానయ్యా," అంది దేవమ్మ.

"నువ్వెందుకే? ఒక్కరోజు పని. పొద్దున పోయి రాత్రికి బయల్దేరి వచ్చేదానికి."

ఆరోగ్యమ్మ గోడ అవతల నుంచే అందుకుంది. ఆమె వారం వారం సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. "తీసకపో అన్నా. ఆమె చూస్తే సముద్రం తరిగిపోద్దా? ఇన్నాళ్లూ నేనిచ్చే ఎండు సవడ చేపలు తిని అదే సముద్రమనుకుంటంది నా వదిన. తీసకపోయి పచ్చి పీత ఒకటి తినిపిచ్చు. తపస్సు కాలమైనా చేపలకి అడ్డు లేదు గదా, ఫాదరుగారే తింటారు."

రాజారత్నం ఆలోచించాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఇంజను వేడికి ఫిల్ము ఏమైపోతుందో అన్న భయం అతనికి ముందునుంచీ ఉంది.

"సరే రా. కెమెరా సంచి నీ నీడలో ఉంటది," అన్నాడు.

దేవమ్మ మొదటి మాట విని సంబరపడింది. రెండో మాట వినపడలేదని కాదు. విని, దాన్ని పక్కన పెట్టి, ట్రంకుపెట్టెలో నుంచి ఆకుపచ్చ చీర తీసింది.

బస్సులో ఆమెని ఎండ పడే కిటికీ పక్క కూర్చోబెట్టాడు, సంచి ఆమె నీడలో పెట్టాడు. దారి మలుపు తిరిగి ఎండ అటునుంచి ఇటు మారినప్పుడల్లా, "లెగు, ఈ పక్కకి రా," అని లేపేవాడు. నరసరావుపేటలో దిగేసరికి దేవమ్మ చెంపలు కందిపోయాయి. సంచి మాత్రం చల్లగా ఉంది.

ఖాదర్ వలి లారీ వెనక తలుపు మీద పులికి మీసాలు దిద్దుతున్నాడు. కుంచె చెవి మీద పెట్టుకుని వచ్చి దేవమ్మకి గ్లాసుతో నీళ్లిచ్చాడు.

"సముద్రం సంగతి నాకొదిలెయ్యి రత్నం బావా. నీలం యాడైనా నీలమే. నాకు తెలియంది ఆ స్తంభం. పొడుగెంత, లావెంత? నువ్వు ఉత్త స్తంభం ఫోటో తెచ్చావనుకో, నాకది సున్నం డబ్బాలాగ కనపడ్డా కనపడతది. దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టి తియ్యి. కొలత దొరుకుద్ది."

"మనిషున్నారు గదా," అన్నాడు రాజారత్నం, దేవమ్మ వైపు చూసి.

రేవుకి చేరేసరికి పొద్దు నడిమింటికి కాస్త ఇవతల ఉంది. దేవమ్మ సముద్రాన్ని చూసింది. చెప్పుల్లేని కాళ్లతో ఇసుక మీద నిలబడి, మెడ ఇటు నుంచి అటు చివర దాకా మెల్లగా తిప్పింది. ఇంత నీళ్లుండి, ఎవరూ బిందె పట్టుకు రావడం లేదేమిటా అనుకుంది.

వలలు ఆరేసిన చోట రోశమ్మ అనే మనిషి చేపల బుట్టతో కూర్చుని ఉంది. దేవమ్మ నీడ ఇసుక మీద ముదురుగా, తడిగా పడటం చూసి, బుట్ట లాక్కుని వచ్చి ఆ నీడలో పెట్టింది.

"కాసేపు అట్టానే ఉండక్కా. ఏలం పాటవాడు వచ్చేదాకా చేప కళ్లు తేలెయ్యకుండా ఉంటయ్."

దేవమ్మ అలవాటుగా నిలబడింది. రాజారత్నం కెమెరా మెడలో వేసుకుని లైటుహౌసు చుట్టూ తిరగడానికి వెళ్లాడు. కాసేపటికి రోశమ్మ తలెత్తి చూసింది.

"అదేందక్కా, ఇంకా నిలబడే ఉన్నావు? కూర్చో."

"నీ బుట్ట ఎండలో పడదా?"

"కూర్చున్నా నీడ పడతది గదా. బుట్ట కాస్త దగ్గరికి జరుపుకుంటే సరి."

దేవమ్మ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత కింద నీడని చూసుకుంది. మెల్లగా కూర్చుంది. నీడ పొట్టిదయింది, అంతే. బుట్ట జరిపితే దాని కిందికి వచ్చింది. ఇంత చిన్న మాట తన ఊళ్లో, తన ఇంట్లో, ఇన్నేళ్లలో ఎవరూ ఎందుకు అనలేదో ఆమెకి అర్థం కాలేదు. తనకే ఎందుకు తట్టలేదో అంతకన్నా అర్థం కాలేదు.

మధ్యాహ్నం రోశమ్మ పాకలో అన్నం తిన్నారు. పీతల కూర, చింతచిగురు వేసి వండిన రొయ్యలు, పెనం మీద కాల్చిన చందువా. మిరప్పండు కారం నూరి పట్టించిన ఆ చేప అంచులు కరకరలాడుతున్నాయి, లోపల మాత్రం వెన్నలా ఉంది. పీత కాలు ఎలా తినాలో దేవమ్మకి తెలియలేదు. రోశమ్మ నవ్వింది.

"పళ్లతో కొరికి పగలగొట్టు. ఇప్పుడు పీల్చు. ఆఁ, అట్టా. గట్టిగా పీల్చక్కా, సిగ్గుపడితే పీత లోపలే ఉంటది."

దేవమ్మకి పెదాలు మండాయి, ముక్కు కారింది, కళ్లెంట నీళ్లొచ్చాయి. మోచేతి దాకా పులుసు కారుతుంటే చిన్నపిల్లలా నాక్కుంది. సముద్రం ఎండిపోతే ఆరోగ్యమ్మ చేప అవుతుంది, తడిగా ఉంటే ఇలా ఉంటుందన్నమాట అనుకుంది. అన్నిట్లోకీ పెద్ద పీత డెక్క ఒకటి ఏరి మొగుడి కోసం పళ్లెం అంచున పెట్టింది.

"ఇది తినయ్యా, తియ్యగా ఉంది."

రాజారత్నం అప్పటికే చెయ్యి కడుక్కున్నాడు. "తర్వాత. పడమటెండ తిరిగేలోపు చోటు చూసుకోవాల." పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నువ్వు సాయంత్రానికి సిద్ధంగా ఉండు," అన్నాడు. డెక్క పళ్లెంలో చల్లారింది.

సాయంత్రం అతనికి కావలసిన చోటు దొరికింది. లైటుహౌసుకి పడమటి పక్కన కాస్త ఎత్తుగా ఉన్న ఇసుక దిబ్బ. అక్కణ్నించి చూస్తే ముందు తెల్లటి స్తంభం, దాని వెనక సముద్రం. వీపు మీద పొద్దు. అంతకన్నా మంచి వెలుతురు ఉండదు. దేవమ్మని స్తంభం మొదట్లో నిలబెట్టాడు.

"ఇటు తిరగనా?" అంది ఆమె. ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తల దువ్వుకుని, రోశమ్మ ఇచ్చిన కనకాంబరాలు పెట్టుకుంది. పెళ్లయ్యాక మొదటి ఫోటో.

"ఎటు తిరిగినా ఒకటే," అని దిబ్బ మీద నుంచి కేకేశాడు రాజారత్నం. "మొహం అక్కర్లా. ఎత్తు తెలిస్తే చాలు. కదలబాక."

దేవమ్మ సముద్రం వైపు తిరిగింది. ఎటు తిరిగినా ఒకటే అయినప్పుడు సముద్రాన్నే చూడొచ్చు గదా.

పొద్దు దిగేకొద్దీ ఆమె నీడ ముందుకి సాగింది. ఇసుక మీద పాకి, పడవల మధ్య నుంచి పోయి, నురగ అంచుని తాకింది. తడి నీడ తడిని తాకగానే దేవమ్మ అరికాళ్ల దగ్గర ఏదో లాగినట్టయింది. పసిబిడ్డ పాలు తాగేటప్పుడు లాగినట్టు.

"ఏమయ్యా, నా నీడ నీళ్లలోకి పోతంది. కూర్చోనా?"

"ఈ ఒక్కటే! ఇంకాసేపట్లో దీపం వెలిగిస్తారు. వెలిగేటప్పటి ఫోటో కావాల నాకు."

"లాగుతందయ్యా."

"కదిలితే పాడైపోద్ది దేవీ, కొంచెం ఓర్చుకో."

ఆమె ఓర్చుకుంది. పైన దీపం వెలిగింది. అదే వేళకి వెనక పొద్దు కుంగింది. అందరి నీడలూ ఎవరి కాళ్ల కిందికి వాళ్లవి వచ్చి ఆరిపోయాయి. దేవమ్మ నీడ రాలేదు. రోశమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తూ, ఆమె కాళ్ల వంక చూసి ఆగింది.

"లోపలికి పోయినట్టుంది అక్కా. ఏం కాదులే. రేపు పొద్దు సముద్రంలో నుంచి గదా వచ్చేది, అప్పుడు నీడలన్నీ ఒడ్డుకే పడతయ్. నీదీ వచ్చేస్తది. రాత్రికి మా పాకలో పడుకోండి."

దేవమ్మ మొగుడి వైపు చూసింది. రాజారత్నం స్టాండు మడుస్తున్నాడు.

"రేపు పొద్దున బళ్లో టెన్తు పిల్లల గ్రూపు ఫోటో ఉందమ్మా. హెడ్‌మాస్టరు గోపాలకృష్ణయ్యగారు మాటంటే మాటే. పోకపోతే వచ్చే ఏడు మాచర్లవాణ్ని పిలుస్తాడు." అని దేవమ్మతో, "నీడ యాడికి పోద్దే? రేపు ఎండలోకి రాగానే అదే పడతది. పద, బస్సు పోద్ది," అన్నాడు.

రోశమ్మ నాలుగు ఎండిన మాగ చేపలు కాగితంలో చుట్టి దేవమ్మ చేతిలో పెట్టింది.

మర్నాడు ఎండ వచ్చింది. నీడా పడింది. అందరి నీడలాంటి నీడే. ఆరోగ్యమ్మ బిందె పెట్టి, పనులన్నీ చూసుకుని వచ్చి నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఏంది వదినా, నీళ్లు కాగినయ్! నీ నీడ పొడిగా ఉందేంది?"

"సముద్రం కాడ పోయింది వదినా."

"అయ్యో," అంది ఆరోగ్యమ్మ. బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది. ఒకరొకరుగా అందరూ వాళ్ల వాళ్ల కుండలు తీసుకుపోయారు. కోళ్లు కూడా ఎదురింటి గోడ వారకి మారాయి.

బళ్లో గ్రూపు ఫోటో బాగానే తీశాడు రాజారత్నం. సాయంత్రం ఎర్ర బల్బు వెలిగించి, ఎప్పటిలాగే దేవమ్మని ముందు నిలబెట్టి ఫిల్ము కడిగాడు. డబ్బా తెరిచేసరికి పూత మొత్తం ఒక పక్కకి జారి ఉంది. మూడు వరసల పిల్లలూ, మధ్యలో కుర్చీల్లో మేష్టర్లూ ఒకరిలోకి ఒకరు కారిపోయారు. గోపాలకృష్ణయ్యగారు దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు.

"ఏమయ్యా రత్నం, బడి బడంతా కలిసి ఒకే పిల్లాడైపోయిందేమిటి?"

దీనికోసమే గదా తెల్లారేదాకా ఆగకుండా వచ్చింది, అనుకున్నాడు రాజారత్నం.

లైటుహౌసు ఫోటోలున్న ఫిల్ము కడగడానికి భయపడ్డాడు. దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాని తడి ఇసుక పోసిన కుండలో పూడ్చాడు. ఈస్టరు వచ్చింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి. జంటలు రెంటచింతల గుడిలో ప్రమాణాలు చేసి, ఫోటోకి మాచర్ల బస్సెక్కేవి. రాజారత్నం స్టూడియో ముందు కుర్చీ వేసుకుని, పోయే బస్సుల్ని చూసేవాడు.

దేవమ్మకి మొదటిసారి రెంటచింతల ఎండ తెలిసింది. ఇన్నాళ్లూ ఆ తడి ఆమె కాళ్లని అంటుకుని ఉండేది. ఇప్పుడు వీపంతా చెమటకాయలు, కళ్లు మంటలు. పనేమీ లేక, గోడకి చేరగిలబడి కాళ్లు చాపుకుని విసనకర్రతో విసురుకునేది. ఒక మధ్యాహ్నం రాజారత్నం ఇంట్లోకి వచ్చి, ఆమె అలా కూర్చుని కునుకు తీయడం చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. ఆమె అరికాళ్లు అతని వైపు ఉన్నాయి. మడమలు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. చీలమండలు వాచి, పిక్కల మీద నల్లటి నరాలు వానపాముల్లా ఉబ్బి ఉన్నాయి. వేల మొహాలు చూసిన కళ్లు అతనివి. ఆ కాళ్లని అప్పుడే చూశాడు.

ఆమె కళ్లు తెరిచింది.

"ఇట్టా ఎప్పణ్నించి?" అన్నాడు.

"ఏంది?"

"కాళ్లు."

"ఎప్పణ్నించో," అంది దేవమ్మ, చీర కిందికి లాక్కుంటూ.

రాజారత్నం ఆమె పక్కన కూర్చున్నాడు. "పోయి తెచ్చుకుందాం దేవీ. ఈసారి తెల్లారేదాకా ఉందాం," అన్నాడు. షాపు కోసం అన్నాడో, ఆమె కోసం అన్నాడో అతనికే సరిగ్గా తెలియదు. రెండూ ఉన్నాయి.

దేవమ్మ కాసేపు విసురుకుంది. "పోదాం. రోశమ్మ పీతల కూర పెడతదేమో," అంది.

పెట్టింది. ఈసారి రాజారత్నం కూడా కూర్చుని, దేవమ్మ ఏరి ఇచ్చిన డెక్క తిన్నాడు. తియ్యగానే ఉంది. పోయినసారి చల్లారిపోయింది కూడా ఇలాగే ఉండి ఉంటుంది అనుకున్నాడు.

తెల్లవారుజామున ముగ్గురూ ఒడ్డుకి వచ్చారు. దేవమ్మ నీళ్ల అంచుకి దగ్గరగా నిలబడింది. ఆమె వెనక కాస్త ఎడంగా రాజారత్నం. రోశమ్మ పడవ అంచు మీద కూర్చుంది. పొద్దు సముద్రంలో నుంచి పైకి వచ్చింది. అలల మీద నుంచి ఒక నీడ మెల్లగా ఒడ్డుకి పాకింది. ముదురుగా, నాచు వాసనతో, వెళ్లినప్పటికన్నా కాస్త ఒళ్లు చేసి ఉంది. నురగ దాటి, ఇసుక తడుపుకుంటూ, సూటిగా దేవమ్మ కాళ్ల వైపే వచ్చింది.

దేవమ్మ దాన్ని చూసింది. పుట్టినప్పటి నుంచీ తనతో ఉన్నది. దాన్ని చూస్తే ప్రేమ కూడా కలిగింది. అది బొటనవేలికి బెత్తెడు దూరంలోకి వచ్చేసరికి, పక్కకి ఒక్క అడుగు వేసింది. ఇంటికొచ్చిన చుట్టానికి దారి ఇచ్చినంత నెమ్మదిగా తప్పుకుంది.

నీడ ఆగలేదు. ఆమె నిలబడ్డ చోటు మీదుగా పోయి, వెనక ఉన్న రాజారత్నం కాళ్లకి తగులుకుంది.

అతనికి ముందు చల్లగా అనిపించింది. తర్వాత బరువు తెలిసింది. తడిసిన గొంగళి మడమలకి కట్టినట్టు, కింది నుంచి పిక్కల దాకా లాగే బరువు.

"ఎవరో ఒకరి కాళ్లు కావాల గదా దానికి," అంది రోశమ్మ.

"దేవీ, ఇంత బరువా ఇది? ఎప్పుడూ చెప్పలేదేం?"

"కాళ్లు లాగుతున్నయ్యంటానే ఉన్నాను గదయ్యా," అంది దేవమ్మ. కోపంగా కాదు.

రాజారత్నం తల దించుకున్నాడు. చేతులు ఏం చేయాలో తెలియక కెమెరా పట్టుకున్నాయి. "ఒక్కటి తీస్తా. మొహం కనపడేట్టు. నిలబడవే."

దేవమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎండలో ఎంత బాగుందో అతను చూశాడు. "నిలబడటం చాలయిందయ్యా," అని, రోశమ్మతో పాటు ఏలం పాట జరిగే చోటుకి నడిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత దేవమ్మని ఒక చోట నిలబెట్టడం ఎవరి వల్లా కాలేదు. ఆరోగ్యమ్మతో కలిసి చేపల బేరంలో దిగింది. వారంలో సగం రోజులు రేవులో, సగం రోజులు సంతలో. రోశమ్మ పాకలో పీతలు తిని, బుట్ట ఎత్తుకుని, పొడి నీడని వెంటేసుకుని చరచరా నడుస్తూ వచ్చేది. "చల్లదనం పోయింది గానీ వదినా, కాళ్లు తేలికైనయ్," అనేది ఆరోగ్యమ్మతో. ఇంటికి వచ్చినప్పుడు మొగుడికి వేడిగా అన్నం పెట్టేది, నాలుగు కబుర్లు చెప్పేది. రాజారత్నం కెమెరా తీసేసరికి బస్సు టైమయ్యేది. "వచ్చేసారి," అనేది. ఇలాంటి మాటే తను ఎన్నిసార్లు అన్నాడో అతనికి గుర్తొచ్చేది.

రాజారత్నం తన నీడలోనే లైటుహౌసు ఫిల్ము కడుక్కున్నాడు. ఫోటో అద్దంలా వచ్చింది. స్తంభం, దీపం, సముద్రం, పడవలు. స్తంభం మొదట్లో వేలెడంత మనిషి. చీర అంచు గాలికి లేచి ఉంది, జడలో పూలు కూడా తెలుస్తున్నాయి. మొహం అటు ఉంది. భూతద్దం పెట్టి చూశాడు. ఎంత చూసినా మొహం అటే ఉంది.

ఖాదర్ వలి ఫోటోని ఉన్నదున్నట్టు దించాడు. కొలత కోసం నిలబెట్టిన మనిషిని కూడా వేశాడు. తెర స్టూడియోలో వేలాడదీశారు, ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది, పనిలో పనిగా రాజారత్నం నీడ తడిగా ఉండటం కూడా చూసింది.

మర్నాడు పొద్దున్నే రాజారత్నం వాకిట్లోకి కుండలు వచ్చాయి. బిందెలు, గిన్నెలు, కోళ్లు అన్నీ తిరిగి వచ్చాయి. అతను పొద్దుకి ఎదురుగా నిలబడ్డాడు.

"కదలబాక అన్నా, నా పాలు ఎండలో పడతయ్," అంది ఆరోగ్యమ్మ.

పిక్కలు లాగుతుంటే పళ్లు బిగించుకుని ఉన్నాడు. అప్పుడే రేవు నుంచి వచ్చిన దేవమ్మ బుట్ట దించి, అతన్ని ఒకసారి చూసింది. లోపలికి వెళ్లి ముక్కాలి పీట తెచ్చి అతని కాళ్ల వెనక పెట్టింది.

"కూర్చోవయ్యా. కూర్చున్నా నీడ పడతది," అంది. కుండలు వంగి ఒక్కొక్కటే దగ్గరికి జరిపింది.

రాజారత్నం కూర్చున్నాడు. నీడ పొట్టిదయింది, అంతే. పొద్దు పైకెక్కేదాకా పీట మీద నుంచి లేవలేదు.

ఆ మధ్యాహ్నమే తెర చుట్టుకుని నరసరావుపేట వెళ్లాడు.

"ఈ మనిషిని కూర్చోబెట్టు ఖాదరూ."

"కూర్చోబెడితే ఏం కనపడతది బావా? ఇంత దూరంలో రాయనుకుంటారు."

"అనుకోనియ్. కూర్చోబెట్టు."

ఖాదర్ వలి మామూలుగా అయితే ఇంకో రెండు మాటలు అనేవాడే. రాజారత్నం మొహం చూసి, కుంచె తుడుచుకుని తెర విప్పాడు.

రెంటచింతలలో ఆ ఏడు నుంచి పెళ్లయిన వాళ్ల ఇళ్లలో గోడ మీద ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ముందు జంట, వెనక సముద్రం, తెల్లటి లైటుహౌసు. దాని మొదట్లో ఆకుపచ్చగా, చిన్నగా ఒకటి కనిపిస్తుంది. పిల్లలు వేలు పెట్టి అదేమిటని అడుగుతారు. నాచు పట్టిన రాయి అని చెబుతారు పెద్దవాళ్లు.